శ్వాసమా, హృదయమా? – హైదరాబాదు క్లోరోఫారము పరిశోధనలు

హృదయశాస్త్రమును అభ్యసింపనారంభించు వైద్యవిద్యార్థికి తొలి దినములలో బోధింపబడు విషయములు మిక్కిలి కొలదివి. గుండెకు నాలుగు గదులు కలవు: పైన రెండు కర్ణికలు, క్రింద రెండు జఠరికలు. కుడి భాగము శరీరము నుండి వచ్చిన చెడు రక్తమును ఊపిరితిత్తులకు పంపును. ఎడమ భాగము అచట శుద్ధియైన రక్తమును శరీరమంతటికిని పంపును. విశ్రాంతిగా నున్న మనుష్యుని గుండె నిమిషమునకు సుమారు 70 పర్యాయములు కొట్టుకొనును. ఒక్కొక్క పర్యాయము సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును ముందునకు త్రోయును. అనగా నిమిషమునకు రమారమి 5 లీటర్లు. గుండె కొట్టుకొనుటకు మెదడు యొక్క ఆజ్ఞ కొఱకు వేచియుండదు. ఊపిరి మాత్రము మెదడు అడుగుభాగమున నున్న ఒక కేంద్రము ఆజ్ఞాపించినగాని నడువదు.

ఈ వాక్యములను ఒక్క సాయంకాలమున కంఠస్థము చేయవచ్చును. పరీక్షలో వ్రాసి ఉత్తీర్ణులు కావచ్చును. కాని చివర చెప్పిన వాక్యము, అనగా గుండెకును ఊపిరికిని గల సంబంధమును గూర్చినది, ఒకనాడు వైద్యలోకమును రెండు పక్షములుగా చీల్చినది. ఆ వివాదమున తీర్పు చెప్పుటకై ఒక ప్రయోగశాల మన హైదరాబాదు నగరమున వెలసినది. ఆ తీర్పు లండను వఱకు మారుమ్రోగినది. అందు సగము సత్యము, సగము ప్రమాదము. ఈ కథను విద్యార్థులును, విద్యార్థులు కానివారును తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము.

1846వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికాయందలి బోస్టను నగరమున మోర్టను అను దంతవైద్యుడు ఈథరు ఆవిరితో ఒక రోగిని మత్తుగొలిపి, నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స జరుగునట్లు చేసి చూపెను. మరుసటి సంవత్సరము నవంబరులో ఎడింబరో నగరమున జేమ్సు యంగ్ సింప్సను అను ప్రసూతి వైద్యుడు క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. ఇది ఈథరుకంటె త్వరగా పనిచేయును. వాసన తియ్యగా నుండును. ఒక చేతిగుడ్డపై కొన్ని చుక్కలు వేసి ముక్కు దగ్గర పట్టిన చాలును. కొలది మాసములలోనే దాని వాడుక దేశదేశములకు వ్యాపించెను. 1853లో విక్టోరియా రాణికి ప్రసవసమయమున జాన్ స్నో అను వైద్యుడు దీనినే ఇచ్చెను.

అయితే ఆనందముతోపాటు భయమును వెంటనే వచ్చెను. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో న్యూకాసిల్ సమీపమున వింలాటన్ అను గ్రామమందు హన్నా గ్రీనరు అను 15 ఏండ్ల బాలికకు కాలివ్రేలి గోరు తీయవలసివచ్చెను. ఇంతటి చిన్న పనికి క్లోరోఫారము నిచ్చిరి. రెండు మూడు నిమిషములలో ఆ బాలిక మరణించెను. ఆమెకు అంతకుముందు ఈథరు ఇచ్చినపుడు ఏ ఆపదయు కలుగలేదు. శస్త్రచికిత్సకు ఆమె మిక్కిలి భయపడుచుండెనని ఆనాటి వృత్తాంతము చెప్పుచున్నది. ఈ చిన్న మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. దీని అర్థము తెలియుటకు వైద్యలోకమునకు 60 సంవత్సరములకు పైగా పట్టినది.

ఆ తరువాత అట్టి మరణములు అచటచట వినబడుచునే యుండెను. చనిపోయినవారిలో పెక్కురు ఆరోగ్యవంతులు, వయస్సు మీరనివారు. వారికి జరుగవలసిన శస్త్రచికిత్సయు స్వల్పమైనదే. మరణము మందు ఎక్కువయిన పిమ్మట గాక, ఇయ్యనారంభించిన కొలది నిమిషములకే సంభవించుచుండెను. ఇందునకు కారణమేమి?

దీనికి రెండు సమాధానములు పుట్టెను. లండనులో జాన్ స్నో క్లోరోఫారమును తూచి, కొలిచి, జంతువులపై ప్రయోగించి చూచెను. గాలిలో ఆవిరి పాలు మితిమీరినచో అది గుండెను తిన్నగా స్తంభింపజేయుననియు, కావున ఆవిరి పాలును కొలతతో నిచ్చు పరికరము అవసరమనియు ఆయన చెప్పెను. 1858లో ఆయన మరణించిన పిదప వెలువడిన గ్రంథమున ఈ వాదము విపులముగా కలదు. ఎడింబరోయందు శస్త్రవైద్యాచార్యుడైన జేమ్సు సైము మతము వేరు. మందు మోతాదు మించినపుడు మొదట ఆగునది ఊపిరియే. గుండె ఆ తరువాత ఆగును. కావున మత్తు ఇచ్చువాడు రోగి శ్వాసను మాత్రమే చూచుచుండవలెను. నాడి పట్టుకొని కూర్చుండుట వలన దృష్టి చెదరుటయే గాని లాభము లేదు. ఇదియే ఆయన బోధ. ఇట్లు లండను వైద్యులు వ్రేళ్లను నాడిపై నుంచిరి; ఎడింబరో వైద్యులు చూపును రొమ్ముపై నుంచిరి.

ఎడింబరో విద్యార్థులలో ఎడ్వర్డు లారీ యొకడు. ఆయన 1885లో హైదరాబాదునకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చెను. ఇచటి వైద్యపాఠశాల 1846లో స్థాపింపబడినది. అదియే తరువాతి కాలమున ఉస్మానియా వైద్యకళాశాలగా రూపొందినది. లారీ దాని ప్రధానాచార్యుడాయెను. మూసీనది యొడ్డున నుండిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో, 1908 వరదలలో కూలిపోయిన ఆ పాత భవనమున, ఆయన శస్త్రచికిత్సలు జరుగుచుండెను. సైము బోధించిన పద్ధతినే లారీ అక్షరాల పాటించెను. తన విద్యార్థులచే పాటింపజేసెను. ఆ విద్యార్థులలో రూపాబాయి ఫర్దూన్జీ అను పార్సీ వనిత క్లోరోఫారమిచ్చుటయందు ఎంతయో ప్రావీణ్యమును సంపాదించి, మత్తు వైద్యమును వృత్తిగా చేపట్టిన తొలి స్త్రీలలో ఒకతెయై పేరుగాంచెను.

తన చేతిమీదుగా సాగిన వేలకొలది శస్త్రచికిత్సల అనుభవము వలన లారీకి సైము మతముపై విశ్వాసము దృఢపడెను. ఆ విశ్వాసమును లోకమునకు నిరూపింపనెంచి 1888లో నిజాము ప్రభుత్వ సహాయమున ఒక పరిశోధక సంఘమును ఏర్పరచెను. ఊరి వీధులలోని కుక్కలకు క్లోరోఫారమిచ్చి, ఊపిరి ఎప్పుడాగుచున్నది, గుండె ఎప్పుడాగుచున్నది అని వరుసగా పరీక్షించిరి. ప్రతి పర్యాయమును ఊపిరియే ముందు ఆగెనని ఆ సంఘము ప్రకటించెను. ఇదియే మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమీషను.

లండనులోని ‘లాన్సెట్’ వైద్యపత్రిక దీనిని నమ్మలేదు. ఇంగ్లండులో ఎందరో వైద్యులు రోగి ఊపిరి యింకను సాగుచుండగనే నాడి చేతిక్రింద మాయమగుట తాము చూచితిమని చెప్పుచుండగా, దూరదేశమున కుక్కలపై జరిగిన ప్రయోగములతో ఆ సాక్ష్యమును త్రోసివేయుట ఎట్లని అది శంకించెను. అంతట లారీ వెనుకకు తగ్గలేదు. ఆ పత్రిక తాను మెచ్చిన శాస్త్రజ్ఞుని పంపినచో ఆయన కన్నులయెదుటనే ప్రయోగములన్నియు మరల చేయుదుమనెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము ఇందుకై 1000 పౌనుల ద్రవ్యమును మంజూరు చేసెను. ఒక శాస్త్రవివాదమును పరిష్కరించుటకై మన దేశసంస్థానము ప్రపంచమున పేరుపొందిన పరిశోధకుని తన ఖర్చుపై రప్పించుట ఆ కాలమున అపూర్వమైన విషయము.

పత్రిక ఎన్నుకొన్న వ్యక్తి థామస్ లాడర్ బ్రంటన్. ఈయన హృదయశాస్త్రమున సామాన్యుడు కాడు. 1867లో, తాను ఇంకను యువవైద్యుడుగా నున్నపుడే, గుండెనొప్పి వచ్చిన రోగికి ఎమిల్ నైట్రైటు ఆవిరిని పీల్పించినచో నొప్పి క్షణములలో తగ్గునని కనుగొనినవాడు. గుండెపై మందులు చేయు పనిని కొలతలతో విచారించు పద్ధతికి ఆయన ప్రముఖాచార్యుడు. 1889 చివరి మాసములలో ఆయన హైదరాబాదునకు వచ్చెను. ధమనిలో గొట్టము నమర్చి రక్తపు పోటును కొలుచు మానోమీటరును, ఆ పోటు హెచ్చుతగ్గులను తిరుగుచున్న స్తూపముపై గీతగా వ్రాయు కైమోగ్రాఫును ప్రయోగములలో వాడిరి. ఈ కైమోగ్రాఫును 1847లో కార్ల్ లుడ్విగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు లోకమునకు తెలిపెను. అంతవఱకు వ్రేలికి మాత్రమే తెలిసిన నాడి, దాని వలన కంటికిని తెలిసినది.

1889 డిసెంబరులో బ్రంటన్ లండనునకు పంపిన తంతివార్త ప్రకారము, కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు మొత్తము 490 జంతువులపై ప్రయోగములు జరిగెను. వానిలో 120 ప్రయోగములయందు మానోమీటరును ఉపయోగించిరి. ఫలితము నిస్సంశయముగా ప్రకటింపబడెను: క్లోరోఫారము వలని ప్రమాదము ఊపిరాడకపోవుట వలననో మోతాదు మించుట వలననో కలుగును, గుండెకు తిన్నగా ప్రమాదమే లేదు. శంకతో వచ్చిన పరీక్షకుడే లారీ పక్షమున సాక్ష్యమిచ్చెను. మరుసటి సంవత్సరము ‘లాన్సెట్’ పత్రికలో నివేదిక సమగ్రముగా అచ్చయ్యెను. రోగిని పరుండబెట్టవలెను, వస్త్రములు బిగుతుగా నుండరాదు, ఆద్యంతము శ్వాసపైననే దృష్టి నిలుపవలెను, నాడిని చూడరాదు అను సూత్రములు హైదరాబాదు పేర వ్యాపించెను.

ఇచట ఒక క్షణము ఆగి, పరిశోధకులు చూచినది ఏమో మనము నేటి విజ్ఞానముతో పరిశీలింతము. క్లోరోఫారమును ఎడతెగక పీల్పించుచు పోయినచో అది మెదడులోని పై భాగములను మొదట మత్తుగొలుపును. క్రమముగా అడుగుభాగమును చేరి శ్వాసకేంద్రమును నిద్రపుచ్చును. ఊపిరి ఆగును. కాని గుండె మెదడు ఆజ్ఞపై ఆధారపడినది కాదు గనుక, తనలోని రక్తమున ప్రాణవాయువు మిగిలియున్నంతవఱకు అది బలహీనముగనైనను కొట్టుకొనుచునే యుండును. పిమ్మట అదియు ఆగును. ఊపిరి ముందు, గుండె తరువాత. హైదరాబాదు పరిశోధకులు ఈ వరుసనే మరల మరల చూచిరి. వారు అబద్ధమాడలేదు; అజాగ్రత్తగాను చూడలేదు. వారు గీయించిన గీతలు సత్యమైన గీతలే.

అయితే ఆ గీతలలో ఊపిరి ఆగకముందే రక్తపు పోటు క్రమముగా పడిపోవుచున్నట్లును కనబడుచుండెను. ఈ పతనమునకు కారణము మెదడా, గుండెయా? కేంబ్రిడ్జియందు గాస్కెల్, షోర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1893లో దీనిని ఒక చమత్కారమైన ఉపాయముతో తేల్చిరి. ఒక జంతువు మెదడునకు వేరొక జంతువు రక్తము ప్రవహించునట్లు నాళములను కలిపి, క్లోరోఫారము మెదడునకు మాత్రమే చేరునట్లు ఒకమాఱును, మెదడును తప్పించి గుండెకు చేరునట్లు మఱియొకమాఱును చేసిరి. మెదడునకు మాత్రమే చేరినపుడు పోటు పడిపోలేదు. గుండెకు చేరినపుడు పడిపోయెను. కావున క్లోరోఫారము గుండె కండరమును తిన్నగా బలహీనపరచునని స్పష్టమయ్యెను. గుండెకు ప్రమాదమే లేదను వాక్యమునకు ఇది మొదటి దెబ్బ.

అయినను హన్నా గ్రీనరు మరణమును ఇదియు వివరింపజాలదు. క్రమముగా బలహీనపడు గుండె రెండు నిమిషములలో హఠాత్తుగా ఆగదు. ఆ రహస్యమునకు తాళపుచెవి అదివఱకే వేరొక చోట కనబడియుండెను. 1850లో హోఫా, లుడ్విగ్ అను పరిశోధకులు జంతువు గుండెకు విద్యుత్తు తగిలించినపుడు జఠరికలు ఒక్కపెట్టున ముడుచుకొనుట మాని, పురుగుల పుట్టవలె ఎక్కడికక్కడ వణకుచుండుటను చూచిరి. ఆబర్డీన్ నగరమున జాన్ మెక్‌విలియం అను ఆచార్యుడు 1887లో దీనిని నిశితముగా పరీక్షించి, 1889లో, అనగా హైదరాబాదు కమీషను పనిచేసిన సంవత్సరముననే, ఒక గొప్ప మాటను వ్రాసెను. మనుష్యులలో హఠాన్మరణమునకు కారణము గుండె నిశ్చలముగా నిలిచిపోవుటయే అనుకొనరాదు, ఇట్లు వణకుటయే కావచ్చునని ఆయన సూచించెను. ఆ మాటను ఆనాడు విన్నవారు కొలదిమంది. దీనినే నేటి వైద్యులు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అందురు. తెలుగున జఠరికల వణకు అనవచ్చును.

గుండె నిలిచిపోవుటకును వణకుటకును భేదమేమని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. జఠరికలోని కండరపు పోగులన్నియు ఒక్కమాఱుగా ముడుచుకొనిననే రక్తము బయటికి వెడలును. పడవలోని తెడ్లన్నియు ఒక్క లయలో పడినపుడే పడవ సాగును. ఎవరికి తోచినట్లు వారు వేసినచో తెడ్లు కదలుచునే యుండును గాని పడవ కదలదు. వణకుచున్న గుండెలో శ్రమకు కొదువ లేదు; ఫలితము మాత్రము శూన్యము. రక్తము కదలదు గనుక నాడి వెంటనే మాయమగును. పది పదునైదు సెకండ్లలో స్మృతి తప్పును. ఊపిరి మాత్రము మరికొన్ని పర్యాయములు ఆడి ఆగును. అనగా ఇచట గుండె ముందు, ఊపిరి తరువాత. లండను వైద్యులు తమ వ్రేళ్లతో తెలిసికొన్న వరుస ఇదియే.

కావున రెండు వరుసలును సత్యములే. రెండును వేర్వేరు మరణములు. మోతాదు మించి చనిపోయినవాడు ఎడింబరో చెప్పిన మార్గమున చనిపోవును. మత్తు ఇంకను లోతుగా పట్టకముందే హఠాత్తుగా చనిపోయినవాడు వేరొక మార్గమున చనిపోవును. ఒక మార్గమునే చూచినవారు అదియే ఏకైక మార్గమని శాసించుట వలన చిక్కు వచ్చినది.

హైదరాబాదు పరిశోధకులు ఆ రెండవ మార్గమును ఎందులకు కనుగొనలేకపోయిరి? దీనికి కొన్ని కారణములు కలవు. మొదటిది, వారి మానోమీటరు రక్తపు పోటును మాత్రమే గీయును. గుండె నిశ్చలముగా నిలిచినను, వణకినను, ఆ గీత ఒక్కతీరుగనే అడుగునకు పడిపోవును. ఆ రెంటిని రొమ్ము తెఱవకయే విడదీసి చూపగల యంత్రమును హాలెండులోని లైడెన్ నగరమున విల్లెం ఐంతోవెన్ నిర్మించినది 1901, 1903 సంవత్సరముల మధ్యకాలమున. అదియే ఎలక్ట్రోకార్డియోగ్రాము, నేడు మనము ఇ.సి.జి. అని పిలుచునది. రెండవది, భయపడినపుడు మన శరీరమున వెలువడు ఎడ్రినలిను అను పదార్థమునకు గుండెపై గల ప్రభావము మొట్టమొదట తెలిసినది 1894లో, ఆలివర్, షేఫర్ అను ఇంగ్లీషు పరిశోధకుల వలన. మూడవది, గుండెలో విద్యుత్ప్రేరణ ఎచట పుట్టి ఏ మార్గమున నడచునో అప్పటికి తెలియదు. జపానుదేశీయుడైన సునావో తవారా జర్మనీయందు పనిచేయుచు కర్ణికలకును జఠరికలకును నడుమనున్న కూడలిని 1906లో వర్ణించెను. ప్రేరణ పుట్టు మూలస్థానమును ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ 1907లో ప్రకటించిరి. ఆ ఫ్లాక్ అప్పటికింకను వైద్యవిద్యార్థియే యని మన విద్యార్థులు సంతోషముతో తెలిసికొనవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన కారణము వేరొకటి కలదు. వారి ప్రయోగములలో చాలభాగము మోతాదును పెంచుచు జంతువును లోతైన మత్తులోనికి కొనిపోయి, ఏది ముందు ఆగునో చూచుటకై ఏర్పడినవి. కాని ఆస్పత్రులలో హఠాన్మరణములు లోతైన మత్తులో గాక, తేలికమత్తులోనే ఎక్కువగా జరుగుచుండెను. తాము సందేహింపవలసిన స్థితిని వారు ప్రయోగములలో చాలినంతగా కల్పింపలేదు. వేసిన ప్రశ్నకు సరియైన సమాధానమే వచ్చినది. ప్రశ్న మాత్రము రోగి మంచమువద్ద పుట్టినది కాదు.

ఈ లోపమును పూరించినవాడు లండను వైద్యుడు ఆల్ఫ్రెడ్ గుడ్మన్ లెవీ. ఆయన 1911లో పిల్లులకు క్లోరోఫారమును బహుకొలదిగా, తేలికమత్తు వఱకు మాత్రమే ఇచ్చి, ఎడ్రినలినును స్వల్పముగా ఎక్కించి చూచెను. జఠరికలు వణకనారంభించి ఆ జంతువులు హఠాత్తుగా మరణించెను. థామస్ లూయిస్‌తో కలసి ఆయన ఈ విషయమును ఇ.సి.జి. గీతలతో పరీక్షించెను. క్లోరోఫారము గుండె కండరమును ఎడ్రినలినునకు అతిగా స్పందించునట్లు చేయుననియు, తేలికమత్తులో భయమో బాధయో కలిగినచో దేహములోని ఎడ్రినలినే ప్రాణాంతకమగుననియు ఇట్లు తేలెను. మత్తు తక్కువయైనచో క్షేమమను నమ్మకము తలక్రిందులయ్యెను. భయముతో తల్లడిల్లిన ఆ 15 ఏండ్ల బాలిక ఇట్లే మరణించియుండునని పెక్కురి యభిప్రాయము. 63 సంవత్సరముల తరువాత ఆమె భయమునకు శాస్త్రమున స్థానము లభించెను.

ఇట్లని లారీని పరిహసించుట న్యాయము కాదు. శ్వాసను కనిపెట్టియుండుమని ఆయన బోధించిన సూత్రము నేటికిని సూత్రమే. ఆయన శిష్యులు రోగి ముఖమునుండి చూపు త్రిప్పక, గాలి రాకపోకలను గమనించుచు ఎందరి ప్రాణములనో నిలిపియుందురు. మోతాదు మించిన మరణములను తప్పించుటకు అంతకంటె మంచి ఉపాయము ఆనాడు లేదు. ఆయన తప్పు ‘శ్వాసను చూడుము’ అనుటలో లేదు. ‘నాడిని చూడకుము’ అనుటలో కలదు. తాను చూచినదానిని చెప్పినంతవఱకు ఆయన శాస్త్రజ్ఞుడు. తాను చూడనిది లేనేలేదనిన క్షణమున ఆయన వాదియైనాడు. చూడకపోవుట వేరు, లేకపోవుట వేరు. 490 జంతువుల సాక్ష్యమైనను ఈ రెంటి నడుమనున్న అగాధమును పూడ్చజాలదు. తమ ప్రమేయము లేకయే ఈ విచారణలో ప్రాణములిచ్చిన ఆ మూగజీవముల ఋణమును తీర్చుకొనుటకు మనకు గల మార్గము వాని సాక్ష్యమును ఉన్నంతవఱకే చదువుట, లేనిది దానిలో చదువకుండుట.

వణకుచున్న గుండెను గుర్తించిన పిమ్మట దానిని మరల లయలోనికి తెచ్చుట ఎట్లను ప్రశ్న బయలుదేరెను. 1899లో ప్రెవో, బాటెల్లి అను పరిశోధకులు కుక్కల గుండె వణకును విద్యుత్తుతోనే మాన్పవచ్చునని చూపిరి. 1947లో అమెరికాయందలి క్లీవ్‌లాండు నగరమున క్లాడ్ బెక్ అను శస్త్రవైద్యుడు 14 ఏండ్ల బాలునికి శస్త్రచికిత్స జరుగుచుండగా ఆగిన గుండెను, తెఱచిన రొమ్ములోనే విద్యుద్ఘాతమిచ్చి మరల కొట్టుకొనునట్లు చేసెను. 1956లో బోస్టనులో పాల్ జోల్ రొమ్ము తెఱవకయే పైనుండి ఆ ఘాతమును ఇచ్చి చూపెను. 1960లో బాల్టిమోరు నగరమున కౌవెన్‌హోవెన్, ఆయన సహచరులును రొమ్ముపై చేతులతో లయబద్ధముగా నొక్కుటచే రక్తమును కొంతకాలము నడిపింపవచ్చునని ప్రకటించిరి. నేడు రైల్వేస్టేషనులలోను విమానాశ్రయములలోను గోడకు అమర్చబడుచున్న చిన్న యంత్రము ఈ పరంపరలోనిదే. అది రొమ్ముపై అంటించిన పట్టీల ద్వారా గుండె వణకుచున్నదో, నిశ్చలముగా నున్నదో ముందుగా విచారించును. వణకుచున్ననే విద్యుత్తు నిచ్చును. హైదరాబాదు మానోమీటరు చెప్పలేని భేదమును చెప్పుటయే దాని మొదటి పని.

క్లోరోఫారము 20వ శతాబ్ది మధ్యభాగము దాటునప్పటికి శస్త్రచికిత్సాగారముల నుండి దాదాపు తొలగిపోయెను. గుండెకే గాక కాలేయమునకును అది హానికరమని తేలెను. అంతకంటె క్షేమమైన మందులు వచ్చెను. నేటి మత్తువైద్యుని యెదుట ఇ.సి.జి. గీతయు, రక్తపు పోటును, రక్తములోని ప్రాణవాయువు పాలును, శ్వాసయు ఒకే తెఱపై ఒకదానిక్రింద ఒకటిగా కదలుచుండును. ఎడింబరోయు లండనును ఆ తెఱపై సంధి చేసికొన్నవని చెప్పవచ్చును.

హృదయశాస్త్ర ప్రథమపాఠములను చదువుచున్న విద్యార్థికి మా మనవి ఒక్కటియే. నాడి చేతికి అందనపుడు గుండె ఆగినదని మాత్రమే వ్రాసికొని తృప్తిపడరాదు. నిలిచినదా, వణకుచున్నదా అని అడుగవలెను. నిలిచినదానికి విద్యుద్ఘాతము పనికిరాదు. వణకునదానికి అదియే ప్రాణదానము. ఊపిరి ఆగినదన్నచో అది ముందు ఆగినదా, గుండె ఆగినందున ఆగినదా అని విచారింపవలెను. చికిత్స యావత్తును ఈ వరుసపై ఆధారపడియున్నది. మెదడు రక్తము లేక నాలుగైదు నిమిషములకంటె ఎక్కువకాలము క్షేమముగా నుండజాలదు. ఆ కొలది నిమిషములలో జ్ఞాపకమునకు రావలసినవి పెద్ద గ్రంథములు కావు. మొదటి దినమున చదివిన ఆ నాలుగైదు వాక్యములే. అవి అర్థముతో కూడ కంఠస్థమైయున్నచో ఒక ప్రాణము నిలుచును.